1960ల మొదట్లో అమెరికాలో నంబర్ వన్ పాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఇంగ్లీషు పాటలంటే మనలో చాలామందికి తెలిసినవి రెండే పేర్లు: ఎల్విస్, బీటిల్స్. 1958లో ఎల్విస్ సైన్యంలోకి వెళ్ళాడు, 1964లో బీటిల్స్ అమెరికాలో దిగారు, ఆ మధ్యలో వినదగ్గదేమీ రాలేదు అని ఒక మాట ఎప్పటినుంచో చలామణిలో ఉంది. నేనూ అదే నమ్మేవాణ్ణి. ఒకసారి సెలవుల్లో పనిలేక 1960 నుంచి వరసపెట్టి నంబర్ వన్ పాటలన్నీ విన్నాను. ఒక జపాన్ పాట, ఒక సన్యాసిని పాట, పిల్లల్ని ఆడించే పనిలో ఉన్న అమ్మాయి పాట, పదమూడేళ్ళ కుర్రాడి పాట, అన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత కనిపించిన ప్రతివాడికీ వీటి గురించే చెబుతూ వచ్చాను కాబట్టి, వాళ్ళు తిరిగి అడిగిన ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

నంబర్ వన్ అని ఎవరు తేల్చేవారు?

అమెరికాలో ‘బిల్‌బోర్డ్’ అనే వారపత్రిక. సంగీత వ్యాపారం చేసేవాళ్ళ కోసం నడిచే పత్రిక అది. 1958 ఆగస్టు 4న ‘హాట్ 100’ అనే పట్టికను మొదలుపెట్టింది. అందులో మొదటి నంబర్ వన్ రికీ నెల్సన్ పాడిన ‘పూర్ లిటిల్ ఫూల్’. రికార్డుల షాపుల్లో ఏవి బాగా పోతున్నాయి, రేడియో స్టేషన్లు ఏవి ఎక్కువగా వేస్తున్నాయి అని వారం వారం అడిగి తెలుసుకుని, రెండూ కలిపి వరస కట్టేవారు. కంప్యూటర్‌లో బిల్లు పడితే లెక్కలోకి ఎక్కే కాలం కాదు. షాపువాడు ఏం చెబితే అదే లెక్క. ‘క్యాష్‌బాక్స్’ అనే పోటీ పత్రికకు వేరే పట్టిక ఉండేది, రెండింటిలో నంబర్ వన్ ఒకటే కాని వారాలూ ఉన్నాయి.

కింద నేను నంబర్ వన్ అన్నదల్లా బిల్‌బోర్డ్ లెక్క ప్రకారమే.

నంబర్ వన్ అంటే ఎన్ని రికార్డులు అమ్ముడైనట్టు?

దానికి స్థిరమైన అంకె లేదు. ఆ వారం మిగతా 99 పాటల కంటే ముందుంది అని మాత్రమే అర్థం. పోటీ లేని వారంలో మామూలు పాట కూడా పైకెక్కుతుంది. గట్టి పాట ముందు కూర్చుంటే గొప్ప పాట కూడా రెండో స్థానంలోనే ఆగిపోతుంది. కింగ్స్‌మెన్ పాడిన ‘లూయీ లూయీ’ని ఇవాళ్టికీ గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ వాయిస్తాడు. అది నంబర్ వన్ కాలేదు. దాని ముందు ఎవరున్నారో కింద చెబుతాను, నవ్వొస్తుంది.

ఆ పాటలు అంత పొట్టిగా ఎందుకుంటాయి?

45 రికార్డు వల్ల. ఏడంగుళాల వెడల్పు, నిమిషానికి 45 చుట్లు, మధ్యలో రూపాయి బిళ్ళ కంటే పెద్ద రంధ్రం. ఒక్కో వైపు ఒక్కో పాట. రేడియోవాళ్ళకి కూడా చిన్న పాటలే ఇష్టం, ఎన్ని పాటలు తొందరగా అయితే అన్ని ప్రకటనలు మధ్యలో దూర్చొచ్చు. రెండున్నర నిమిషాలు అప్పటి మామూలు కొలత. 1960 నవంబర్‌లో నంబర్ వన్ అయిన మారిస్ విలియమ్స్ అండ్ ది జోడియాక్స్ పాట ‘స్టే’ ఒక నిమిషం 40 సెకన్లు కూడా ఉండదు. హాట్ 100 చరిత్రలో పైకెక్కిన అతి చిన్న పాట అదే. పొయ్యి మీద పాలు పెట్టి వెళ్ళి విని వచ్చినా పొంగవు.

సైన్యం నుంచి వచ్చాక ఎల్విస్ చప్పబడిపోయాడంటారు, నిజమేనా?

చార్టు చూస్తే అలా అనిపించదు. 1960 మార్చిలో బయటికొచ్చాడు, ఏప్రిల్‌లో ‘స్టక్ ఆన్ యు’ నంబర్ వన్. తర్వాత ‘ఇట్స్ నౌ ఆర్ నెవర్’ అయిదు వారాలు, ‘ఆర్ యు లోన్‌సమ్ టునైట్’ ఆరు వారాలు. మారింది బాణీ. ‘ఇట్స్ నౌ ఆర్ నెవర్’ ఇటలీలోని నేపుల్స్ ఊరి పాత పాట ‘ఓ సోలే మియో’కి కొత్త ఇంగ్లీషు మాటలు. ‘ఆర్ యు లోన్‌సమ్ టునైట్’ 1926 నాటిది. అంటే అల్లరి కుర్రాడు కాస్తా అమ్మలు, అమ్మమ్మలు కూడా వినే గాయకుడైపోయాడు. నాకు ఆ గొంతు ఇష్టమే, కానీ తొలినాళ్ళ వేడి ఇందులో లేదన్నవాళ్ళతో వాదించను. 1962లో ‘గుడ్ లక్ చార్మ్’ తర్వాత మళ్ళీ 1969 దాకా ఆయనకి నంబర్ వన్ రాలేదు.

‘ది ట్విస్ట్’ రెండుసార్లు నంబర్ వన్ అయిందంటారు. ఎలా?

మొదటిసారి 1960 సెప్టెంబర్‌లో, రెండోసారి 1962 జనవరిలో. మధ్యలో పట్టికలోంచి పూర్తిగా పోయి మళ్ళీ ఎక్కింది.

అసలు పాట హ్యాంక్ బ్యాలర్డ్‌ది. ఆయన బృందం 1959లో ఒక రికార్డుకి వెనకవైపు వేసింది. ఫిలడెల్ఫియాలో డిక్ క్లార్క్ ‘అమెరికన్ బ్యాండ్‌స్టాండ్’ అనే టీవీ కార్యక్రమం నడిపేవాడు, స్కూలు పిల్లలు మధ్యాహ్నం వచ్చి కొత్త రికార్డులకి డాన్స్ చేసేవారు. ఆ ఊళ్ళోనే ఎర్నెస్ట్ ఎవాన్స్ అనే కుర్రాడితో పాటను దాదాపు అచ్చుగుద్దినట్టు మళ్ళీ పాడించారు. అప్పటి పెద్ద గాయకుడు ఫ్యాట్స్ డామినో పేరును అనుకరిస్తూ ఆ కుర్రాడికి చబ్బీ చెకర్ అని పేరు పెట్టారు. డాన్స్ నేర్పడం కూడా ఎంత తేలికంటే: రెండు కాళ్ళతో సిగరెట్ పీకల్ని నలుపుతున్నట్టు, అదే సమయంలో తువ్వాలుతో వీపు తుడుచుకుంటున్నట్టు కదలాలి. అంతే. ఎదుటివాళ్ళ చెయ్యి పట్టుకోనక్కర్లేదు, అడుగులు లెక్కపెట్టనక్కర్లేదు. జంటగా పట్టుకుని ఆడే డాన్స్‌ల కాలం దీనితో తగ్గుముఖం పట్టింది.

మొదటిసారి పిల్లలు ఎక్కించారు. ఏడాది గడిచాక న్యూయార్క్‌లో పెప్పర్‌మింట్ లౌంజ్ అనే బార్‌కి సినిమావాళ్ళు, డబ్బున్నవాళ్ళు వచ్చి ట్విస్ట్ ఆడటం, పేపర్లలో ఫొటోలు పడటం మొదలైంది. పిల్లల ఆట పెద్దల ఫ్యాషన్ అయింది. రెండోసారి ఎక్కించింది పెద్దలు. వెంటనే ఆ బార్ పేరు మీదే ‘పెప్పర్‌మింట్ ట్విస్ట్’ వచ్చి దీని తర్వాత నంబర్ వన్ అయింది.

పాపం బ్యాలర్డ్‌కి పాట రాసిన డబ్బులొచ్చాయి కానీ పేరు రాలేదు.

ఈ పాటలు ఎవరు రాసేవారు? పాడినవాళ్ళేనా?

చాలావరకు కాదు. మన సినిమా పద్ధతే: రాసేవాళ్ళు వేరు, పాడేవాళ్ళు వేరు. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే వీధిలో 1619 నంబర్ బ్రిల్ బిల్డింగ్, కొంచెం అవతల 1650 నంబర్ ఇంకో భవనం. లోపల చిన్నచిన్న గదులు, ఒక్కో గదిలో ఒక పియానో, ఒక కుర్చీ. పక్క గదిలో ఎవరేం కడుతున్నారో గోడలోంచి వినపడేది. ఆఫీసుకి వచ్చినట్టు పొద్దున వచ్చి పాటలు కట్టి సాయంత్రం ఇంటికెళ్ళేవారు.

అక్కడే జెర్రీ గాఫిన్, కెరోల్ కింగ్ భార్యాభర్తలు పనిచేసేవారు. ఆమె బాణీ, అతని మాటలు. వాళ్ళు రాసిన ‘విల్ యు లవ్ మి టుమారో’ని షిరెల్స్ పాడారు. 1961 జనవరి చివర్లో అది నంబర్ వన్ అయినప్పుడు కెరోల్ కింగ్ వయసు 18. నల్లజాతి అమ్మాయిల బృందం హాట్ 100లో పైకెక్కడం అదే మొదలు. ఈ రాత్రి ప్రేమిస్తున్నావు సరే, రేపు పొద్దున కూడా ప్రేమిస్తావా అని అడుగుతుంది పాటలో అమ్మాయి. 1961లో రేడియోలో ఆ ప్రశ్న వేయడం చిన్న సంగతి కాదు.

వాళ్ళింట్లో పాపను చూసుకోవడానికి ఈవా బాయ్డ్ అనే అమ్మాయి ఉండేది. ఆమె చేత ‘ది లోకోమోషన్’ పాడించారు, 1962 ఆగస్టులో నంబర్ వన్. పనిచేస్తూ కూనిరాగం తీస్తుంటే విని ఆశ్చర్యపోయారని ఒక కథ తిరుగుతుంది. అది కట్టుకథ, ఆమె పాడుతుందని వాళ్ళకి ముందే తెలుసు.

రికార్డు మీద ఒకరి పేరు, గొంతు ఇంకొకరిది: ఇలా కూడా జరిగేదా?

శుభ్రంగా జరిగేది. 1962 నవంబర్‌లో ‘హీజ్ ఎ రెబెల్’ నంబర్ వన్. రికార్డు మీద క్రిస్టల్స్ అని ఉంటుంది. క్రిస్టల్స్ న్యూయార్క్‌లో ఉన్నారు, నిర్మాత ఫిల్ స్పెక్టర్ లాస్ ఏంజెలెస్‌లో ఉన్నాడు. ఇదే పాటను ఇంకో గాయని కూడా రికార్డు చేస్తోందని తెలిసి, ఆలస్యమైతే దెబ్బతింటామని, అక్కడే దొరికిన డార్లీన్ లవ్, ఆమె బృందం బ్లాసమ్స్ చేత పాడించి క్రిస్టల్స్ పేరుతో వదిలేశాడు. అసలు క్రిస్టల్స్ తాము పాడని పాటను ఊరూరా స్టేజీ మీద పాడాల్సి వచ్చింది.

ఇందులో ఇంకో తమాషా. ఆ పాట రాసింది జీన్ పిట్నీ. అతను సొంతంగా పాడిన ‘ఓన్లీ లవ్ కెన్ బ్రేక్ ఎ హార్ట్’ అప్పుడు రెండో స్థానంలో ఉంది. తన పాటే తన పాటకి అడ్డం పడింది.

మోటౌన్ కథ ఇక్కడే మొదలైందా?

చార్టులో పైమెట్టు మీద అయితే ఇక్కడే. డెట్రాయిట్‌లో బెర్రీ గార్డీ తన కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని 1959లో పెట్టిన రికార్డు కంపెనీ ఇది. ఒక మామూలు ఇల్లు కొని ‘హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.’ అని బోర్డు పెట్టాడు. ఆ కంపెనీకి మొదటి నంబర్ వన్ 1961 డిసెంబర్‌లో, మార్వెలెట్స్ పాడిన ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మ్యాన్’. నా ఉత్తరం ఏమైనా వచ్చిందా, సంచీలో ఇంకోసారి చూడవయ్యా అని పోస్టుమ్యాన్‌ని బతిమాలుకునే పాట. దాన్ని రాసిన నలుగురైదుగురిలో ఫ్రెడ్డీ గోర్మన్ అనే ఆయన నిజంగానే పోస్టుమ్యాన్ ఉద్యోగి. డ్రమ్స్ వాయించింది మార్విన్ గే, అప్పటికి ఆయన గాయకుడిగా ఎవరికీ పెద్దగా తెలియదు.

ఆ మార్విన్ గే డ్రమ్స్ వాయించిన ఇంకో పాట 1963 ఆగస్టులో పైకెక్కింది: లిటిల్ స్టీవీ వండర్ ‘ఫింగర్‌టిప్స్, రెండో భాగం’. కళ్ళు కనపడని పదమూడేళ్ళ పిల్లాడు. బృందంతో కాకుండా సొంత పేరు మీద హాట్ 100లో నంబర్ వన్ అయిన గాయకుల్లో అతనే అందరికంటే చిన్నవాడు. ఇది స్టూడియోలో చేసింది కాదు, షికాగో రీగల్ థియేటర్‌లో ప్రేక్షకుల మధ్య రికార్డయింది. జాగ్రత్తగా వినండి. పాట అయిపోతుంది, పిల్లాడు వెళ్ళిపోతాడు, తర్వాతి గాయని వాద్యగాళ్ళు వచ్చి స్టేజీ ఎక్కుతుంటారు. ఇంతలో పిల్లాడు మళ్ళీ వచ్చి హార్మోనికా అందుకుంటాడు. అప్పుడే వచ్చిన బేస్ వాద్యగాడు కంగారుగా ‘ఏ శృతి? ఏ శృతి?’ అని అరుస్తాడు. ఆ అరుపు రికార్డులో అలాగే ఉండిపోయింది. ఆ నాలుగేళ్ళ పాటల్లో నాకు ఎక్కువ ఇష్టమైన క్షణం అదే.

ఇంగ్లీషు కాని పాటలేమైనా నంబర్ వన్ అయ్యాయా?

1963లోనే రెండు.

మొదటిది జపాన్ పాట. జూన్‌లో మూడు వారాలు. పాడినది క్యూ సకామోతో, బాణీ హచిదాయ్ నకామురా, మాటలు రోకుసుకే ఎయి. జపాన్‌లో 1961లోనే వచ్చింది. అసలు పేరుకి అర్థం ‘తల పైకెత్తి నడుద్దాం’ అని. ఎందుకు పైకెత్తాలంటే, కళ్ళలో నీళ్ళు కింద పడకుండా. అమెరికాతో రక్షణ ఒప్పందానికి వ్యతిరేకంగా 1960లో జపాన్‌లో పెద్ద ఉద్యమం నడిచింది. అది ఓడిపోయాక ఇంటికి నడిచి వెళ్తూ ఎయి గారు పడ్డ బాధలోంచి పుట్టిన మాటలివి. అంటే అమెరికా మీద కోపంతో, దిగులుతో రాసిన పాట అమెరికాలోనే నంబర్ వన్ అయి కూర్చుంది, వింటున్నవాళ్ళకి ఆ సంగతే తెలియకుండా.

పేరు సంగతి ఇంకా ఘోరం. జపాన్ పేరు నోరు తిరగదని ఇంగ్లండ్‌లో ఒక రికార్డు కంపెనీ పెద్దమనిషి దీనికి ‘సుకియాకీ’ అని పెట్టాడు. సుకియాకీ అంటే గొడ్డు మాంసంతో చేసే ఒక వంటకం. పాటలో ఆ మాటే లేదు. మన దగ్గర ఒక ఏడుపు పాటను పట్టుకెళ్ళి విదేశంలో ‘పులిహోర’ అని అమ్మితే ఎలా ఉంటుందో అలా ఉంది. అయినా ఆ ఈల, ఆ గొంతు వింటే భాష రాకపోయినా మనసు పట్టేస్తుంది. సకామోతో 1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ విమాన ప్రమాదంలో పోయాడు, 43 ఏళ్ళకే.

రెండోది ఫ్రెంచి పాట ‘డొమినిక్’. పాడింది బెల్జియం సన్యాసిని జనీన్ డెకర్స్, అమెరికాలో ‘సింగింగ్ నన్’ అన్నారు. 1963 డిసెంబర్‌లో నాలుగు వారాలు. కెనడీని చంపి రెండు వారాలే అయింది, దేశం దిగులుగా ఉంది. గిటార్ పట్టుకుని ఒక మఠంవాసి నెమ్మదిగా పాడిన భక్తిపాట జనానికి పట్టేసింది. పైన చెప్పిన ‘లూయీ లూయీ’ రెండో స్థానంలో ఆగిపోయింది దీని వెనకే. డబ్బులు ఆమె చేతికి రాలేదు, కానీ తర్వాతెప్పుడో పన్ను కట్టమని మాత్రం ప్రభుత్వం ఆమెనే పట్టుకుంది.

‘ది లయన్ స్లీప్స్ టునైట్’ ఆఫ్రికా పాటేనా?

అవును. 1961 డిసెంబర్‌లో టోకెన్స్ అనే న్యూయార్క్ బృందం దీన్ని పైకెక్కించింది. అసలుది జులూ గాయకుడు సోలమన్ లిండా 1939లో జోహనెస్‌బర్గ్‌లో రికార్డు చేసిన ‘ఎంబూబే’, అంటే సింహం. హక్కుల్ని పది షిల్లింగులకి ఇచ్చేశాడు. ‘ఉయింబూబే’ అన్న మాటను అమెరికాలో ‘విమొవే’ అని తప్పుగా విని అలాగే పాడారు, ప్రపంచమంతా ఇప్పటికీ అలాగే పాడుతోంది. లిండా 1962లో పేదవాడిగానే చనిపోయాడు. అతని కూతుళ్ళు కోర్టుకెక్కితే 2006లో రాజీ కుదిరింది.

మాటలే లేని పాటలు కూడా నంబర్ వన్ అయ్యేవా?

అయ్యేవి. ఇప్పుడైతే ఊహించలేం. 1960లో తొమ్మిది వారాలు పైనున్న పర్సీ ఫెయిత్ ‘థీమ్ ఫ్రమ్ ఎ సమ్మర్ ప్లేస్’ అంతా వయొలిన్లే, ఒక్క మాట లేదు. 1961 ఫిబ్రవరిలో లారెన్స్ వెల్క్ ‘కలకత్తా’. పేరు చూసి మనవాళ్ళు ఆశపడతారు. అదొక జర్మన్ బాణీ, కలకత్తాకీ దానికీ సంబంధం లేదు.

1962 డిసెంబర్‌లో టోర్నడోస్ ‘టెల్‌స్టార్’. ఆ జులైలో ఆకాశంలోకి పంపిన సమాచార ఉపగ్రహం పేరే ఇది. హాట్ 100లో పైకెక్కిన మొదటి బ్రిటిష్ బృందం వీళ్ళే. నిర్మాత జో మీక్ లండన్‌లో ఒక తోలు సామాన్ల కొట్టు మీద అద్దెకున్న ఇంట్లో దీన్ని చేశాడు.

రేడియోవాళ్ళకి లంచాలిచ్చి పాటలు వేయించుకునేవారట?

దానికి ‘పెయోలా’ అని పేరు. 1959, 60ల్లో అమెరికా కాంగ్రెస్ విచారణ పెట్టింది. ‘రాక్ అండ్ రోల్’ అన్న మాటకి ప్రచారం తెచ్చిన అలన్ ఫ్రీడ్ 1962లో నేరం ఒప్పుకుని 300 డాలర్ల జరిమానా కట్టాడు. కానీ అతని ఉద్యోగ జీవితం అప్పటికే ముగిసిపోయింది. డిక్ క్లార్క్ మాత్రం తనకున్న సంగీత వ్యాపారాల్ని వదులుకుని గట్టెక్కాడు.

ఇంగ్లండ్ చార్టులో ఎవరుండేవారు?

క్లిఫ్ రిచర్డ్, ఆయన వెనక వాయించే షాడోస్. క్లిఫ్ పుట్టింది లక్నోలో, 1940లో. ఇక్కడ కూడా పట్టికల తగాదా ఉంది: 1963 మొదట్లో బీటిల్స్ ‘ప్లీజ్ ప్లీజ్ మి’ ఒక పత్రికలో నంబర్ వన్, ఇంకో పత్రికలో రెండు. తర్వాత రోజుల్లో అధికారికంగా తీసుకున్నది ఆ రెండన్న పత్రికనే. అందుకే బీటిల్స్ నంబర్ వన్ పాటలతో 2000లో వచ్చిన ఆల్బమ్‌లో ఆ పాట లేదు.

అప్పట్లో మన దగ్గర ఎవరైనా వినేవారా?

పట్టణాల్లో కొద్దిమంది, రేడియో సిలోన్ ఇంగ్లీషు కార్యక్రమాల్లో. ఆకాశవాణిలో సినిమా పాటలకే కొన్నేళ్ళు కష్టకాలం నడిచింది, 1957లో వివిధ భారతి వచ్చాక గానీ తెరిపిన పడలేదు. అందుకే జనం సిలోన్ స్టేషన్ తిప్పేవారు. అందులో వచ్చే హిందీ సినిమా పాటల కార్యక్రమం ‘బినాకా గీత్‌మాలా’ కోసం బుధవారం రాత్రి రేడియో చుట్టూ చేరినవాళ్ళకి, ఈ వారం ఏ పాట ఎన్నో మెట్టు మీదుందో అనే టెన్షన్ బాగా తెలుసు.

ఇంకో ముచ్చట. అమెరికాలో 78 చుట్ల రికార్డులు అప్పటికే మూలపడ్డాయి. మన దేశంలో చాలా ఇళ్ళకి కరెంటు లేదు, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లే. అందుకని కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో బీటిల్స్ పాటల్ని కూడా 78 రికార్డుల మీద అచ్చువేశారు. ఇప్పుడు విదేశాల్లో సేకరించేవాళ్ళు వాటి కోసం ఎగబడతారు.

బీటిల్స్ రాగానే వీళ్ళంతా తుడిచిపెట్టుకుపోయారా?

1964 ఫిబ్రవరి 1న ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’ పైకెక్కింది. ఏప్రిల్ 4 నాటి పట్టికలో మొదటి అయిదూ బీటిల్స్ పాటలే. దెబ్బ తగిలిన మాట నిజం, చాలామంది గాయకుల పేర్లు మళ్ళీ వినపడలేదు. కానీ వరసగా 14 వారాలు పైనున్న బీటిల్స్‌ని మే నెలలో దించింది ఎవరనుకున్నారు? 62 ఏళ్ళ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ‘హలో డాలీ’తో. ఫోర్ సీజన్స్, బీచ్ బాయ్స్ అదే ఏడాది నంబర్ వన్‌లు కొట్టారు. మోటౌన్‌కి అసలు పంట అప్పుడే మొదలైంది. పైగా బీటిల్స్ ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మ్యాన్’ పాడారు, షిరెల్స్ పాటలు పాడారు. మధ్యలో ఏమీ లేదన్న కాలంలోంచే వాళ్ళు పాటలు నేర్చుకున్నారు.

యాప్‌లో వింటే పాట వేరేగా అనిపించింది. నా చెవి తప్పా?

చెవి తప్పు కాదు. హక్కులు కంపెనీల దగ్గరుండిపోవడంతో చాలామంది గాయకులు పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో అవే పాటల్ని మళ్ళీ రికార్డు చేశారు. పేరు అదే, గాయకుడు అతనే, అందుకే యాప్‌లో రెండూ కలిసిపోతాయి. నేనొకసారి ఆన్‌లైన్‌లో ‘ఒరిజినల్ ఆర్టిస్ట్స్’ అని ఉన్న సీడీ కొన్నాను. ఆర్టిస్టులు ఒరిజినలే, పాటలు కావు. గొంతులో వయసు తెలిసిపోతోంది, డ్రమ్స్ మరీ శుభ్రంగా ఉన్నాయి. తిరిగి పంపితే అమ్మినవాడు సీలు తీశారు కాబట్టి కుదరదన్నాడు.

పాట నిడివి చూడండి, 1962 నాటి పాట నాలుగు నిమిషాలుంటే అనుమానించండి. వివరాల్లో పాత కంపెనీ పేరు, విడుదలైన ఏడాది ఉన్నాయేమో చూడండి. ‘ఫింగర్‌టిప్స్’ అయితే మరీ తేలిక, ‘ఏ శృతి’ అన్న అరుపు వినపడితే అదే అసలుది.